షాపు వెనక మట్టి

సార్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను మందుల పెట్టె విప్పుతున్నాను. పొద్దున పది గంటలు. పత్తి ట్రాక్టర్లు మార్కెట్ యార్డులోకి దూరే వేళ కాబట్టి ఆదోని రోడ్డంతా హారన్లు. ఒక చెవి మూసుకుని ఫోన్ ఎత్తాను. సార్ భార్య. కాలేజీ రోజుల నుంచీ మేమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం.

"మీ సారు లేడప్పా," అన్నారు. "కాఫీ తాగినాడు. గిన్నెలకు నీళ్ళు చల్లొస్తానని పోయినాడు. చల్లి వచ్చి కుర్చీలో కూసున్నాడు. అంతే."

ఆమె చెప్పింది వంటింటి గిన్నెల గురించి కాదు. ఎమ్మిగనూరులోని ఆ ఇంటి వెనక గదిలో, కిటికీ కింద బల్ల మీద, మూతలున్న గాజు గిన్నెలు నలభై దాకా ఉండేవి. ఒక్కో దాంట్లో ఒక్కో చోటి మట్టి. మట్టి మీద తల వెంట్రుకలు. రిటైరయ్యాక మా సార్ పెంచుకున్న తోట అదే. వీధిలో వాళ్ళు మల్లెచెట్లకు నీళ్ళు పోసే వేళకు ఆయన బూజుకు నీళ్ళు చల్లేవారు.

షట్టర్ దించి బస్టాండుకు నడిచాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఏడుపు రాలేదు. అంతకన్నా ముందు ఇంకొకటి గుర్తొచ్చింది. ఏడాదిన్నరగా ఆయనకు చెప్పాలనుకుంటూ చెప్పకుండా దాటేసిన మాట ఒకటి ఉంది. వచ్చే గురువారం చెబుదాం, ఆ పై గురువారం చెబుదాం అని జరుపుకుంటూ వచ్చాను. ఇప్పుడిది చదివే మీకు చెబుతున్నాను, చెప్పాల్సిన మనిషికి చెప్పలేక.

ఆదోనిలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు బోటనీ చెప్పారు. ఒకరోజు క్లాసులోకి కత్తెర పట్టుకుని వచ్చి, "ఎంటికలు ఎవరిస్తారప్పా?" అన్నారు. అమ్మాయిలు జడలు ముందుకు లాక్కున్నారు. మగపిల్లల్లో నా జుట్టే ఒత్తుగా, నల్లగా ఉండేది. సార్ చూపు దాని మీద పడింది. వెనకనుంచి ఒక కుచ్చు కత్తిరించి, ఇంటికి తీసుకుపోయి, కడిగి, కుక్కర్లో ఉడికించి తెచ్చారు. ఆ కుక్కర్ సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతారు, "పప్పుకొక కుక్కరు, జుట్టుకొక కుక్కరు పెట్టుకున్న కాపురం మాది" అని. కాలేజీ గోడవార మట్టిని తడిపి గిన్నెలో పరిచి, దాని మీద నా వెంట్రుకలు చల్లి మూత పెట్టారు. మూడు వారాలకు వెంట్రుకల మీద తెల్లటి నూగు కమ్ముకుంది. మైక్రోస్కోపు కింద చూపించారు. మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా, అడ్డగోడలతో అరలు అరలుగా ఉన్న బూజు గింజలు.

"మన మగ్గం కండె సూడు, అట్లనే లేదా?" అన్నారు. ఆయనది ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు కండెలు చుట్టిన చెయ్యి.

ఆ రోజు ఆయన చెప్పింది నాకు పాఠంగా కాదు, మనిషి మాటగా గుర్తుంది. వెంట్రుక, గోరు, ఈక, కొమ్ము, గిట్ట, మన తోలు మీది పైపొర, అన్నీ కెరాటిన్ అనే ఒకే సరుకుతో అయినవి. దాన్ని అరిగించుకోవడం అందరి వల్లా కాదు. మట్టిలో ఉండే ఈ బూజుల వల్ల అవుతుంది. "మట్టిని తిట్టొద్దప్పా. ఇన్నేండ్లుగా రాలిన ఎంటికలు, ఈకలు యాడికి పోయినాయనుకుంటివి? ఇది తినకుంటే మనం జుట్టు కుప్పల మీద కాపురం సేసేవాళ్ళం." కొన్ని మాత్రం మట్టి వదిలి మనిషి మీదికో, పశువు మీదికో ఎక్కుతాయి. గుండ్రంగా, ఎర్రటి అంచుతో, దురదతో వచ్చే తామర అలా కూడా వస్తుంది. కానీ ఆయన వెంటనే వేలెత్తేవారు. "అన్నీ మట్టి నుంచి కాదు. ఒకే టవలు, ఒకే దుప్పటి వాడితే మనిషి నుంచి మనిషికే ఎక్కువ పోతాది. ఏది మట్టిది, ఏది మనిషిది? ఊరూరా అది తేల్చల్ల. తేల్చకుండా మాట్లాడగూడదు."

ఆ తేల్చే పనిని ఆయన రిటైరయ్యాక మొదలుపెట్టారు. నా కర్మ కొద్దీ నా షాపులోనే మొదలుపెట్టారు.

అప్పటికి నేను ఫార్మసీ చదివి మార్కెట్ యార్డు దగ్గర మందుల షాపు నడుపుతున్నాను. సార్ ప్రతి గురువారం బస్సెక్కి వచ్చేవారు. గుడ్డ సంచి, రబ్బరు చెప్పులు. వచ్చి స్టూలు మీద కూర్చుని ఒక్క టీ తాగేవారు. రెండోది ఎన్నిసార్లు అడిగినా వద్దనేవారు. తామరకు నేను అమ్మే ట్యూబు ఆయనకు నచ్చేది కాదు. మూడు నాలుగు మందులు కలిపి, అందులో స్టిరాయిడ్ కూడా వేసిన ట్యూబు అది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది కాబట్టి జనం దాన్నే అడుగుతారు.

"ఎరుపు పోతుంది, బూజు పోదు," అనేవారు. "మంట తగ్గిందని నీకు దండం పెట్టి పోతారు. నెల తిరిగే లోపల నడుమంతా పాకించుకొని వస్తారు. అప్పుడు ఇంకొకటి ఇస్తావు."

"నేనియ్యకుంటే పక్క షాపులో ఇస్తారు సార్," అనేవాణ్ణి. ఆయన టీ చల్లార్చుకునేవారు.

ఒక గురువారం సంచిలోంచి చిన్న చిన్న కాగితం కవర్లు తీశారు. "నీ దగ్గరికి సుట్టుపక్కల ఊర్ల నుంచి తామరని వస్తారు గదా. ఒక్క పని సెయ్యి. వాళ్ళు పండుకునే చోటు నుంచి, పశువులను కట్టేసే చోటు నుంచి పిడికెడు మట్టి తెప్పియ్యి. కవరు మీద ఊరు రాయి. సాలు."

తల ఊపాను. చదువు చెప్పిన మనిషి అడిగింది పిడికెడు మట్టి, కాదనడానికి ఏముంది?

మొదట అడిగింది సి.బెళగల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయనను. మట్టి ఎందుకప్పా అన్నాడు. మా సారు పరీక్ష చేస్తాడన్నాను. ఎట్ల చేస్తాడన్నాడు. మట్టి మీద తల వెంట్రుకలు వేసి, అని మొదలుపెట్టానో లేదో, ట్యూబు కౌంటర్ మీదే వదిలేసి లేచాడు. "మట్టి, ఎంటికలు! మందుల యాపారం సేస్తాండావా, ఇంకేమన్నా సేస్తాండావా నువ్వు?" మా వైపు మట్టినీ వెంట్రుకలనూ కలిపి అడిగేవాడు ఎవడో మీకు చెప్పనక్కర్లేదు. వారం తిరక్కుండానే టీ బంకు దగ్గర నా షాపు పేరు పక్కన చేతబడి అన్న మాట వినపడింది.

ఇది సార్‌కు చెప్పి ఉంటే పగలబడి నవ్వి, ఇంకో దారి వెతికేవారు. నేను చెప్పలేదు. నాకు షాపు పోతుందేమోనని భయం, సార్ దగ్గర మొహమాటం. గురువారం దగ్గర పడింది, కవర్లు ఖాళీగా ఉన్నాయి. వెనక తలుపు తీశాను. పక్కనున్న సెలూన్ వాళ్ళు ఊడ్చిన జుట్టంతా ఆ సందులోనే పోస్తారు. చెంచాతో ఆ మట్టి గోకి నాలుగు కవర్లు నింపి, నాలుగు ఊర్ల పేర్లు రాశాను. మాధవరం తుంగభద్ర పక్కన కదా అని దానికి మాత్రం ఎదురుగా కడుతున్న ఇంటి దగ్గర్నుంచి చిటికెడు ఇసుక తెచ్చి కలిపాను. అంత శ్రద్ధ బోటనీలో చూపించి ఉంటే నాకు ఫస్ట్ క్లాసు వచ్చేది.

మూడు వారాల తరువాత సార్ స్టూలు మీద కూర్చోకుండానే చెప్పారు. "అన్నిట్లో వచ్చిందప్పా! ఇంత జోరుగా నేనెప్పుడూ సూడలేదు!" ఎందుకు రాదు? ఏళ్ళ తరబడి జుట్టు మేసిన మట్టి అది. ఆ సంతోషం చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైపోయింది. తరువాతి వారం కూడా చెంచా తీసుకుని వెనక్కి వెళ్ళాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక వెధవ పని అని నవ్వుకుని మరిచిపోయేవాణ్ణేమో. ఈరమ్మ వల్ల ఆగలేదు.

ఈరమ్మది మాధవరం. పత్తి సీజన్లో ఆదోని జిన్నింగ్ మిల్లులో పనికొచ్చేది, మిగతా రోజులు ఊర్లో కూలి. నడుము చుట్టూ తామర. ఏడేళ్ళ కూతురికి మెడ మీద. ఇంట్లో రెండు మేకలున్నాయని, అందులో కొమ్ముల్లేని బోడిది తన కూతురు చెప్పిన మాట వింటుందని ట్యూబు కొనేటప్పుడల్లా చెప్పేది. ఆ సంగతి నేను మాటల్లో సార్ చెవిన వేశాను. మేకల మూల మట్టి తప్పకుండా కావాలన్నారు. ఆమెను అడగడానికి నోరు రాలేదు. సెలూన్ వాళ్ళ మట్టే ఇంకో కవరులో పోసి, "మాధవరం, ఈరమ్మ, మేకల మూల" అని రాశాను.

నెల రోజుల తరువాత ఒక గురువారం, సార్ స్టూలు మీద ఉండగానే, ఈరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"నువ్వేనా తల్లీ ఈరమ్మవు?" అన్నారు సార్. "మీ మేకల మూల మట్టిలో బూజు శానా ఉండాది. పాప ఆ మేకల దగ్గరనే పండుకుంటాదా?"

"బోడిదాని పక్కన్నే సారూ. అది లేకుంటే నిద్రే పోదు."

"కొన్నాళ్ళు మేకలను దూరంగా కట్టేయండి తల్లీ."

"దూరమంటే యాడ సారూ? ఉండేదే ఒక రూము."

పాప తల వంచుకుని మెడ గోక్కుంటోంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సార్, ఆ మట్టి వాళ్ళింటిది కాదు. ఇంతే చెప్పాల్సింది. గుడ్డ తీసుకుని కౌంటర్ తుడిచాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

రెండు వారాలకు ఈరమ్మ ఒక్కతే వచ్చింది. "అమ్మేస్తిమప్పా, రెండూ. సంతకు తోల్కపోయినాడు మా ఆయప్ప. పాప రెండు దినాలు బువ్వ ముట్టలే." పాప మెడ ఎలా ఉందని అడిగాను. ఇంకా పాకిందని, ట్యూబు ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను.

ఆ తరువాత సార్‌లో ఏదో మారింది. ముందు ఒక గురువారం, "అన్ని ఊర్లలోనూ ఒకటే ఎట్లప్పా?" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. రెండు గురువారాలు రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు, ఈరమ్మ ఇంటిల్లిపాదినీ ఎమ్మిగనూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయానని చెప్పారు. డాక్టరు ట్యూబు ఆపించాడు, అందరికీ ఒకేసారి మాత్రలు మొదలుపెట్టాడు, ఎవరి టవలు వాళ్ళది, దుప్పట్లు ఎండలో వేయమన్నాడు. అంతవరకే చెప్పి టీ తాగారు.

అప్పటి నుంచి నేనిచ్చిన ఏ కవరునూ వెంటనే సంచిలో వేసుకునేవారు కాదు. అరచేతిలో పెట్టుకుని, "ఇది యాడిదప్పా?" అనేవారు. ఏదో ఊరు చెప్పేవాణ్ణి. "నువ్వే పోయి తెచ్చినావా?" అనేవారు. "లేదు సార్, వాళ్ళే తెచ్చిచ్చినారు," అనేవాణ్ణి. కవరు అరచేతిలోనే ఉంచుకుని, టీ గ్లాసు పట్టుకునేంత వేడికి దిగేదాకా ఆగేవారు. తరువాత "సరే," అని కవరు సంచిలో వేసుకుని బస్సుకు లేచేవారు. వయసు మీద పడింది, మాట నిదానమైంది అనుకున్నాను. ఎంత తెలివి నాది!

ఒక్కోసారి పోయే ముందు నా తల వైపు చూసి నవ్వేవారు. "నా ఎంటికలు తెల్లబడినాయి, బూజు పట్టిందో లేదో కనపడదు. నీవి రెండు ఇయ్యి." సెలూన్ నుంచి కత్తెర తెప్పించి ఇచ్చేవాణ్ణి. అది మాత్రం నేను ఆయనకు నిజంగా ఇచ్చాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక అమ్మ ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది నీకియ్యమని ఎప్పుడో సెప్పినాడు. ఇచ్చే పని ఇప్పుడు పడింది." వెనక గదిలో ఆ గాజు గిన్నెల ముందు కూర్చుని తెరిచాను.

ప్రతి పేజీలో మూడు గళ్ళు. మట్టి ఎక్కడిది, ఏం కనిపించింది, తెచ్చినవారు ఎవరు. మొదటి పేజీల్లో నేను రాసిచ్చిన ఊర్లన్నీ ఉన్నాయి. మూడో గడిలో నా పేరు. కొన్ని పేజీలు తిప్పాక, ఆ ఊర్లన్నిటి మీదా స్కేలు పెట్టి గీసిన ఒక్కొక్క గీత. పక్కన ఆయన గుండ్రటి అక్షరాలు: "ఆదోని. షాపు వెనక." ప్రతిదానికీ అదే. నా పేరు ఉన్న చోటల్లా చెరిపేసి ఉంది. కింద ఇలా రాసుకున్నారు: "మిగిలిన మట్టి మళ్ళీ చూశాను. పత్తి పోగులు. మనిషి వెంట్రుకలు, రెండు కొసలా కత్తెర వేసినవి. ఒక కొస తెలుపు, తక్కిందంతా రంగు. మేకలకు ఎవరూ రంగు వేయరు."

తరువాతి పేజీలో రెండే రెండు వాక్యాలు. "మాధవరం పోయినాను. తేల్చకుండా మాట్లాడినందుకు తప్పు నాదని చెప్పినాను."

ఆ పై పేజీలన్నీ ఆ తరువాత నేనిచ్చిన కవర్లే. నేను చెప్పిన ఊరు ఒక్కటీ రాయలేదు. "ఆదోని, షాపు వెనక, వానలకు ముందు." "ఆదోని, షాపు వెనక, ముసురు తరువాత." ఎండలకు బూజు ఎంత తగ్గింది, వాన పడ్డాక ఎంత లేచింది, చలికి ఎలా ఉంది, అంతా ఉంది. నా అబద్ధాలను ఆయన పారేయలేదు. ఒకే చోటి మట్టిని ఏడాది పొడుగునా చూసే అవకాశం దొరికిందని చూసుకున్నారు. కానీ ఆ పేజీల్లో మూడో గడి ఒక్కటీ నింపలేదు. తెచ్చినవారు అన్న చోట అంతా ఖాళీ. ఎవరో వచ్చి నిజం చెబితే రాద్దామని ఆపినట్టు.

అరచేతిలో కవరు పెట్టుకుని ఆయన ఎందుకు ఆగేవారో అప్పుడు తెలిసింది. ఏడాదిన్నర పాటు ప్రతి గురువారం బస్సెక్కి వచ్చి నన్ను అడిగింది అదే. ఆ గదిలో, ఆ గిన్నెల ముందు, ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

మరుసటి వారం మాధవరం వెళ్ళాను. ఈరమ్మ గడప ముందు వడ్లు చెరుగుతోంది. నడుము, మెడ, ఇద్దరివీ నయమైపోయాయి. పాప బడికి పోయింది. సార్ పోయారని చెబితే చేట పక్కన పెట్టేసింది.

"ఈడికే వచ్చినాడప్పా. ఆ అరుగు మీదనే కూసోని, తప్పయింది తల్లీ, సరిగా సూడకుండా సెప్పినాను అని సేతులు పట్టుకున్నాడు. అంత సదువుకున్న మనిషి. నాకే సిగ్గేసింది. ఏం తప్పో నాకేం అర్థం గాలే."

తప్పు ఆయనది కాదని చెప్పాను. మట్టి ఎక్కడిదో చెప్పాను. వెనక సందు, చెంచా, చేతబడి అంటారన్న భయం, ఏదీ దాచలేదు. ఆమె తిడుతుందని సిద్ధపడి వచ్చాను. ఆమె తిట్టలేదు. మేకలు కట్టేసిన మూల వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడక్కడ నీళ్ళ డ్రమ్ము ఉంది.

"అడిగింటే ఇచ్చేదాన్ని గదప్పా," అంది చివరికి. "పిడికెడు మట్టే గదా."

లేచి, డ్రమ్ము జరిపి, కొడవలి మొనతో ఆ మూల గీకి, పాప నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. బోడి మేక సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

అమ్మను అడిగి ఒక గిన్నె, ఆ జుట్టు కుక్కరు తెచ్చుకున్నాను. నాకూ అక్కడక్కడా నెరిసింది, నల్ల వెంట్రుకలు ఏరుకోవాల్సి వచ్చింది. ఈరమ్మ ఇచ్చిన మట్టి మీద వాటిని చల్లి, గిన్నెను షాపులో మందుల అల్మారా కింద, ఆ ట్యూబులు ఉండే అరలో పెట్టాను. ఆ ట్యూబులు ఇప్పుడు తెప్పించడం లేదు.

ఆరో వారం నడుస్తోంది. వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఇందులో ఏదీ తేలదని నాకు తెలుసు. మేకలు పోయి రెండు వానాకాలాలు గడిచాయి. అప్పుడు ఆ మూలలో ఏముండిందో, పాప మెడ మీదికి ఏది ఎక్కిందో, ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన రోజుల్లో నా చేతిలో చెంచా ఉంది, దాన్ని తీసుకుని నేను వెనక సందులోకి పోయాను.

మూత మీద కాగితం అంటించి ఆయనలాగే గళ్ళు గీశాను. తెచ్చినవారు అన్న చోట నా పేరు రాశాను. పొద్దున షట్టర్ ఎత్తగానే మొదట దానికి నీళ్ళు చల్లుతున్నాను, పోయకుండా, వేళ్ళతో. మూత పెట్టే ముందు, స్టూలు మీద ఎవరూ లేకపోయినా, చెబుతున్నాను.

"మాధవరంది సార్. నేనే పోయి తెచ్చినాను."